దువ్వెన గీతల వెనక అసలు బొమ్మ: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

పాత సినిమా డిస్కులు, టేపులు కంప్యూటర్లోకి ఎక్కించుకోవడం గురించి సరిహద్దు జిల్లాల పాఠకులు అడిగినవాటిలో ఆరు ప్రశ్నలు ఇక్కడ తీసుకున్నాం. గుణుపురం నుంచి సిరోంచ దాకా అడిగిన తీరు వేరైనా, ఎక్కువమంది చేసిన పని ఒకటే. గీతలు కనబడగానే డీఇంటర్లేస్ (సగం గీతలు తీసేసి, ఖాళీలు ఊహించి పూడ్చే పని) మీట నొక్కేశారు. సినిమా నుంచి వచ్చిన వీడియోకి అది మొదటి మందు కాదు, చాలాసార్లు అసలు మందే కాదు. ఫిల్టర్ల పేర్లు తెలుగు లిపిలోనే రాశాం. సాఫ్ట్‌వేర్‌లో వాటిని ఇంగ్లిష్ అక్షరాల్లో టైపు చేయాలి.

గుణుపురం, రాయగడ జిల్లా: మా పిన్ని కొడుకు అమెరికా నుంచి వస్తూ పాత తెలుగు సినిమా డీవీడీలు తెచ్చాడు. టీవీలో బాగానే ఆడుతున్నాయి. కంప్యూటర్లో ఆపి చూస్తే మాత్రం కదిలే మనుషుల అంచుల్లో దువ్వెన పళ్లలా గీతలు. డీఇంటర్లేస్ పెట్టి మార్చాను. గీతలు పోయాయి గాని బొమ్మ మసకబారింది, కెమెరా పక్కకి తిరిగినప్పుడల్లా తడబడుతున్నట్టుంది. ఎక్కడ తప్పింది?

ఆ ఫైలుని పక్కన పెట్టి డిస్కు నుంచి మళ్లీ మొదలుపెట్టండి. డీఇంటర్లేస్ తీసేసిన వివరం ఆ ఫైలులోకి ఇక తిరిగి రాదు.

సినిమా సెకనుకి 24 ఫ్రేములతో తీస్తారు. అమెరికా టీవీ పద్ధతి అయిన ఎన్‌టీఎస్‌సీలో సెకనుకి 29.97 ఫ్రేములు. ఒక్కో ఫ్రేములో రెండు ఫీల్డులుంటాయి, ఒకదానిలో సరి గీతలు, ఇంకోదానిలో బేసి గీతలు. 24ని 30గా సాగదీయడానికి టెలిసీన్‌లో, అంటే సినిమా రీలుని టీవీ వీడియోగా మార్చే పనిలో, ఒక ఉపాయం వాడారు. ముందు సినిమా వేగాన్ని వెయ్యిలో ఒక వంతు తగ్గించి 23.976 చేస్తారు. తర్వాత ఒక సినిమా ఫ్రేమును రెండు ఫీల్డులకీ, తర్వాతి దాన్ని మూడు ఫీల్డులకీ పంచుతారు. సినిమాలో క, ఖ, గ, ఘ అని నాలుగు ఫ్రేములున్నాయనుకోండి. వీడియోలో అవి కక, ఖఖ, ఖగ, గఘ, ఘఘ అని ఐదు ఫ్రేములవుతాయి. మొదటి రెండూ చివరిదీ శుభ్రమైనవి. మధ్య రెండింటిలో సగం ఒక క్షణానిది, సగం మరో క్షణానిది. మీరు చూసిన దువ్వెన అదే.

ఇప్పుడు 'గ' ఎక్కడుందో చూడండి. మూడో ఫ్రేము రెండో ఫీల్డులో సగం, నాలుగో ఫ్రేము మొదటి ఫీల్డులో మిగతా సగం. రెండూ చేరిస్తే 480 గీతల పూర్తి ఫ్రేము చేతికొస్తుంది, ఒక్క గీత కూడా ఊహించి పూడ్చక్కర్లేదు. డీఇంటర్లేస్ ఫిల్టరుకి ఈ లెక్క తెలియదు. కదిలే చోటల్లా ఒక ఫీల్డు పారేసి, మిగిలిన 240 గీతల నుంచి ఖాళీలు పూడుస్తుంది. శుభ్రంగా ఉన్న మూడు ఫ్రేముల్లో కూడా అదే పని చేస్తుంది. మసక అందుకే. పైగా ఐదింటిలో అదనంగా వచ్చిన ఫ్రేము అలాగే ఉండిపోతుంది, తడబాటు అందుకే.

చేయాల్సిన పని రెండు దశలు. మొదటిది ఫీల్డు జత కుదర్చడం: ప్రతి ఫ్రేములో ఒక ఫీల్డును ఉంచి, దానికి సరిపడే జతను ఆ ఫ్రేములో గాని, ముందు వెనక ఫ్రేముల్లో గాని వెతకడం. అప్పుడు మన ఉదాహరణ క, ఖ, ఖ, గ, ఘ అవుతుంది. రెండో దశలో ఐదింటిలో రెండుసార్లు వచ్చిన 'ఖ'ను ఒకటి తీసేయడం. 29.97లో ఐదో వంతు పోతే కచ్చితంగా 23.976. నిడివి మారదు, కాబట్టి ఆడియోని ముట్టుకోనక్కర్లేదు.

డిస్కులోని సినిమాని మేక్‌ఎంకేవీ అనే సాఫ్ట్‌వేర్‌తో ఉన్నదున్నట్టు బయటికి తీయండి. ముందు తేల్చుకోవాల్సింది టెలిసీన్ గట్టిదా, మెత్తదా అని. కొన్ని డీవీడీల్లో 24 ఫ్రేములే దాచి, ఏ ఫీల్డు మళ్లీ చూపాలో ప్లేయరుకి గుర్తులు మాత్రం పెడతారు. ఇది మెత్తది. అదనపు ఫీల్డులు వీడియోలోనే చేర్చేసి ఉంటే గట్టిది. ఫైలు వివరాలు చూపే మీడియాఇన్ఫోలో 'టూ త్రీ పుల్‌డౌన్' అని కనిపిస్తే మెత్త రకం. డీజీఇండెక్స్ అనే సాఫ్ట్‌వేర్ ఎంకేవీ ఫైలు తెరవదు, అందులోంచి వీడియోని ఎంపెగ్-2గా విడదీసి ఇవ్వాలి. దానిలో కాసేపు ఆడిస్తే ఫిల్మ్ శాతం చూపిస్తుంది. అది 95 దాటి నిలకడగా ఉంటే 'ఫోర్స్ ఫిల్మ్' ఎంచుకుంటే చాలు, ఏ ఫిల్టరూ వద్దు. వీడియో అని చూపిస్తే గుర్తులను ఉన్నవి ఉన్నట్టు పాటించమని పెట్టండి, పని ఫిల్టర్లతో చేయాలి. మీ కంప్యూటర్లో గీతలు కనబడ్డాయంటే మీది గట్టి టెలిసీనే అయి ఉంటుంది.

తర్వాత ఫీల్డుల వరస. వీడియోకి ఫిల్టర్లు పెట్టే అవీసింత్‌లో సెపరేట్‌ఫీల్డ్స్ పెట్టి, వీడియోని ఫ్రేము ఫ్రేముగా చూపే వర్చువల్‌డబ్‌లో తెరిచి, మనిషి పక్కకి నడిచే సన్నివేశాన్ని ఒక్కొక్క ఫీల్డుగా కదపండి. నడక ముందుకే సాగితే వరస సరే. ఒకడుగు ముందుకి, ఒకడుగు వెనక్కి వేస్తే వరస తిరగబడింది. డీవీడీల్లో ఎక్కువగా పై ఫీల్డు ముందుంటుంది, డీవీ క్యామ్‌కార్డర్ టేపుల్లో కింది ఫీల్డు ముందుంటుంది. ఇక్కడే ఇంకోటి చూడొచ్చు. ఫీల్డులు రెండు, మూడు, రెండు, మూడు చొప్పున ఆగి కదులుతుంటే అది టెలిసీన్. ప్రతి ఫీల్డుకీ కదలిక ఉంటే అది వీడియో కెమెరాతో తీసింది. ఈ పరీక్షకి పది నిమిషాలు పడుతుంది. ఇది చేయకుండా ఏ ఫిల్టరూ పెట్టకండి.

అవీసింత్ వాడేవారికి టీఐవీటీసీ ప్లగిన్‌లో టీఎఫ్‌ఎం, టీడెసిమేట్ ఉన్నాయి. మొదట జత కుదర్చడానికి టీఎఫ్‌ఎం, వెంటనే అదనపు ఫ్రేము తీయడానికి టీడెసిమేట్. అలాంటిదే ఇంకో సాఫ్ట్‌వేర్ వేపర్‌సింత్‌లో అవే పనులకి వీఎఫ్‌ఎం, వీడెసిమేట్. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే సాఫ్ట్‌వేర్‌లో అయితే ఫీల్డ్‌మ్యాచ్, తర్వాత యాడిఫ్ (డీఇంటర్లేస్ ఫిల్టరు), ఆఖర్న డెసిమేట్, ఈ వరసలోనే. యాడిఫ్‌కి 'ఇంటర్లేస్డ్' అని గుర్తున్న ఫ్రేములను మాత్రమే ముట్టుకోమని చెప్పాలి. అది మరచిపోతే యాడిఫ్ అన్ని ఫ్రేములనీ నమిలేస్తుంది, మీరు మొదటికే వస్తారు.

క్రాపు, సైజు మార్పు, రంగుల దిద్దుబాటు అన్నీ ఈ రెండు దశల తర్వాతే. ముందే నిలువు సైజు మారిస్తే సరి బేసి గీతలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి, ఆ తర్వాత ఎవరూ విడదీయలేరు. ముందే ఆర్‌జీబీలోకి మార్చినా ముప్పే. డీవీడీలో రంగు సమాచారం ఫీల్డుల వారీగా సగం గీతలకే ఉంటుంది. దాన్ని పూర్తి ఫ్రేముగా భావించి మారిస్తే ఎర్ర చీరల అంచుల్లో మెట్లు మెట్లుగా గీతలు మిగిలిపోతాయి.

మొత్తం సినిమా మీద పెట్టే ముందు ఒక నిమిషం ముక్కతో చూడండి. సుమారు 1,798 ఫ్రేములు లోపలికెళ్తే 1,438 ప్రాంతంలో బయటికి రావాలి. కెమెరా నెమ్మదిగా పక్కకి తిరిగే సన్నివేశం తీసుకుని ఫ్రేము ఫ్రేముగా నడపండి. ఎక్కడా రెండు ఫ్రేములు ఒకేలా ఉండకూడదు, ఎక్కడా గెంతు ఉండకూడదు.

మిగిలిపోయే చిక్కులు ఎక్కువగా పాటల్లో, టైటిల్స్‌లో కనిపిస్తాయి. టెలిసీన్ అయ్యాక వీడియోలో కత్తిరించి అతికించిన చోట ఒక్కోసారి సినిమా ఫ్రేముకి ఒక్క ఫీల్డే మిగులుతుంది, రెండోది కత్తెరలో పోయింది. అలాంటి అనాథ ఫీల్డుకి జత దొరకదు. ఆ ఒక్క ఫ్రేమును మాత్రం డీఇంటర్లేస్ చేయక తప్పదు, టీఎఫ్‌ఎం తనంతట తానే ఆ పని చేస్తుంది. ఏది దువ్వెన, ఏది కాదు అని అది తేల్చే కొలత పేరు ఎంఐ. మామూలుగా 80 ఉంటుంది. పదహారు పదహార్ల గడిలో 80 చుక్కల కంటే ఎక్కువ చుక్కల్లో దువ్వెన కనబడితే ఫ్రేము చెడిందని లెక్క. మాట్లాడే పెదవుల దగ్గర సన్నగా గీతలు మిగిలితే 80ని 50కో 40కో దించండి. మరీ దించితే సన్న చారల చీర, వెదురు తడిక, కిటికీ ఊచలు కూడా దువ్వెనలాగే కనబడి, మంచి ఫ్రేములు పాడవుతాయి. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌లో ఇదే కొలత పేరు కోంబ్‌పెల్.

పర్లాకిమిడి, గజపతి జిల్లా: ఇక్కడ కొన్న పాత సినిమా డీవీడీలో పాటలకి హార్మోనియం వాయిద్దామంటే ఏ మెట్టు మీదా శృతి కలవదు. సినిమా రెండున్నర గంటలని విన్నాం, డిస్కులో 144 నిమిషాలే. కత్తిరించారా?

మీరు చెప్పిన అంకెలే జవాబు. కత్తిరించలేదు, తొందరగా ఆడిస్తున్నారు. మన దేశంలో వాడిన పాల్ పద్ధతి సెకనుకి 25 ఫ్రేములు. 24కి 25 దగ్గరే కాబట్టి ఫీల్డులతో కుస్తీ పట్టకుండా సినిమానే కొంచెం వేగంగా నడిపేస్తారు. 150 నిమిషాలను 25తో భాగించి 24తో గుణిస్తే సరిగ్గా 144.

వేగంతో పాటు స్వరం కూడా 4 శాతం పైకి లేస్తుంది. మెట్ల లెక్కలో అది ఒక అరస్వరంలో నూటికి 70 వంతులు. పూర్తి అరస్వరమైతే పక్క మెట్టు మీద సరిపోయేది. ఇది రెండు మెట్ల నడుమ పడుతుంది, అందుకే ఎక్కడా కలవదు. మీ చెవి సరిగ్గానే పట్టింది.

ఇక్కడ తీసేయాల్సిన ఫ్రేము ఒక్కటీ లేదు. డెసిమేట్ పెడితే మంచి ఫ్రేములు పోతాయి. అవీసింత్‌లో అజ్యూమ్‌ఎఫ్‌పీఎస్‌ను 24కి పెట్టి, ఆడియోని కూడా వెంట తీసుకెళ్లమనండి. ఆడియో 48,000 నుంచి 46,080 హెర్ట్జ్‌కి దిగుతుంది. దాన్ని తిరిగి 48,000కి రీశాంపిల్ చేస్తే నిడివీ శృతీ రెండూ అసలు చోటికి వస్తాయి. చేసే ముందు ఒకటి గమనించండి. కొన్ని డిస్కుల్లో వేగం పెంచినా స్వరాన్ని ముందే కిందికి దించి సరిచేస్తారు. హార్మోనియం కలిసే డిస్కు అయితే వేగం మాత్రమే తగ్గించే ఫిల్టరు వాడాలి. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌లో అది ఎటెంపో, విలువ 0.96.

పాల్ డిస్కులో అన్ని ఫ్రేముల్లోనూ దువ్వెన గీతలున్నాయంటే సినిమా ఫ్రేము ఒక ఫీల్డు పక్కకి జరిగి కూర్చుందన్నమాట. టీఎఫ్‌ఎం ఒక్కటే పెట్టండి, టీడెసిమేట్ వద్దు. ప్రతి ఫ్రేముకీ జత పక్క ఫ్రేములోనే ఉంటుంది, గీతలన్నీ ఒక్క దెబ్బకి పోతాయి.

రాయగడ: మజ్జిగౌరమ్మ చైత్ర యాత్రకి మా ఇంట్లో వాళ్లు క్యామ్‌కార్డర్‌తో తీసిన టేపు ఉంది. దీనికీ టెలిసీన్ తీసేయొచ్చా?

వద్దు. వీడియో కెమెరా సెకనుకి 50 వేర్వేరు క్షణాలను ఫీల్డులుగా పట్టింది. ఏ ఫీల్డుకీ జత లేదు, వెతకడం వృథా. ఇలాంటి టేపుకే డీఇంటర్లేస్ కావాలి, అదీ ప్రతి ఫీల్డునీ ఒక ఫ్రేముగా మార్చే రకం. ఫలితం సెకనుకి 50 ఫ్రేములు రావాలి. క్యూటీజీఎంసీ అనే ఫిల్టరు దీనికి మేలైనది, నెమ్మదిగా నడుస్తుంది. తొందరైతే యాడిఫ్‌ను ఫీల్డుకో ఫ్రేము చొప్పున ఇచ్చేలా పెట్టండి. 25కి దించితే డప్పుల ముందు ఆడేవాళ్ల కదలికలో సగం పోతుంది.

ధర్మాబాద్, నాందేడ్ జిల్లా: అమెరికా నుంచి వచ్చిన మన సినిమా డీవీడీకి, మీ పాత సంచికలో చెప్పినట్టు ఫీల్డు జత ఫిల్టరు పెట్టిన. గీతలు పోలేదు సరిగదా, ఏ ఫ్రేములో ఆపినా మనిషికి రెండు నీడలు కనబడుతున్నయి. ఫిల్టర్ల తప్పా, నా తప్పా?

రెండూ కావు, డిస్కు తయారీలోనే ఉంది. మన సినిమాలను అమెరికా మార్కెట్టుకి పంపేటప్పుడు కొన్నిటిని ఫిల్ము నుంచి కాకుండా పాల్ మాస్టరు నుంచే ఎన్‌టీఎస్‌సీకి మార్చారు. సెకనుకి 50 ఫీల్డులను దాదాపు 60 చేయాలి కాబట్టి, యంత్రం పక్కపక్క ఫీల్డులను కలిపి కొత్త ఫీల్డులు తయారు చేసింది. నీడలు అవే. ఫీల్డు లోపలే రెండు క్షణాలు కలిసిపోయాక జత కుదర్చడం కుదరదు.

అయినా ఆశ ఉంది, ఎందుకంటే అన్ని ఫీల్డులూ కలగలిసి ఉండవు. ముందు ఫీల్డులన్నిటినీ ఫ్రేములుగా విడదీసే డీఇంటర్లేస్ పెట్టి, సెకనుకి 59.94 ఫ్రేములు చేయండి. నడిచే మనిషి దగ్గర ఒక్కొక్కటిగా చూడండి. మధ్యమధ్య నీడ లేని ఫ్రేములు వస్తుంటే ఎస్‌రెస్టోర్ అనే ఫిల్టరు పనికొస్తుంది. అది నీడలున్న వాటిని గుర్తుపట్టి వదిలేసి, శుభ్రమైనవి ఏరుతుంది. ఫ్రేము రేటు 25 ఇవ్వండి, మూలం పాల్ కాబట్టి. ఆ తర్వాత పర్లాకిమిడి పాఠకురాలికి చెప్పినట్టు 24కి దించుకోవచ్చు. ఎస్‌రెస్టోర్ ముందు నాయిస్ తగ్గించే ఫిల్టర్లు, ఫ్రేములను ఒకదానితో ఒకటి కలిపి నునుపు చేసే ఫిల్టర్లు పెట్టకండి. నీడకీ బొమ్మకీ తేడా దానికి దొరకదు. ఒక్క ఫ్రేము కూడా శుభ్రంగా లేకపోతే ఆ డిస్కు మీద రోజులు పోసుకోకండి, అదే సినిమా వేరే కాపీ వెతకడమే మేలు.

సిరోంచ, గడ్చిరోలి జిల్లా: కేబుల్లో వచ్చిన పాత సినిమాని మా బాపు టేపు మీద రికార్డు చేసి పెట్టిండు, ఇప్పుడు ఆ సినిమా ఇంకెక్కడా దొరకది. కింద పొద్దంతా స్క్రోలింగు అక్షరాలు పోతయి. జత ఫిల్టరు పెడితే అక్షరాలు చిరిగిపోతున్నయి, కొన్నిచోట్ల బొమ్మ కూడ చెడుతున్నది. మరి ఎట్ల?

దొరకని సినిమా కాబట్టి ఓపికగా చేయండి. బొమ్మ సినిమాది, సెకనుకి 25 కదలికలు. అక్షరాలు చానెలు వీడియోలో వేసినవి, సెకనుకి 50 కదలికలు. ఒకే ఫ్రేములో రెండు కాలాలు నడుస్తున్నాయి. ఫిల్టరు అక్షరాల కదలిక చూసి జత ఎంచుకుంటే బొమ్మకి తప్పు జత పడుతుంది.

టీఎఫ్‌ఎంలో వై0, వై1 అని రెండు విలువలున్నాయి. ఆ గీతల మధ్య ఉన్న పట్టీని జత ఎంపికలో లెక్కలోకి తీసుకోదు. 576 గీతల బొమ్మలో అక్షరాలు అడుగు 64 గీతల్లో ఉంటే 512, 575 ఇవ్వండి. బొమ్మ సరవుతుంది. అక్షరాల పట్టీని వేరే తీగ మీద నడపాలి. అదే వీడియోని ఇంకో కాపీగా తీసుకుని యాడిఫ్ పెట్టి, అడుగు 64 గీతలు కోసి, జత కుదిరిన పై 512 గీతల కింద అతికించండి. మొదటి కాపీలో టీఎఫ్‌ఎం చివరి దిద్దుబాటును (దువ్వెన మిగిలిన ఫ్రేములను డీఇంటర్లేస్ చేసే పనిని) ఆపేయండి, లేకపోతే అక్షరాల దువ్వెన చూసి మొత్తం ఫ్రేమే చెడిందనుకుంటుంది. ఫీల్డులున్న బొమ్మను కోసేటప్పుడు గీతల సంఖ్య నాలుగుతో భాగింపబడాలి, లేదంటే రంగులు తారుమారవుతాయి.

మీది టేపు కాబట్టి క్యాప్చర్, అంటే టేపుని కంప్యూటర్లోకి ఎక్కించే దశలోనే సగం గెలుపు ఉంది. క్యాప్చర్ సాఫ్ట్‌వేర్‌లో డీఇంటర్లేస్ ఆపండి. 720 బై 576లోనే, హఫ్‌వైయూవీ గాని ఎఫ్‌ఎఫ్‌వీ1 గాని, అంటే ఏమీ పోగొట్టకుండా కుదించే కోడెక్‌లో తీసుకోండి. కుదింపు లేకపోతే ఆ సైజు గంటకి 75 జీబీ దాకా అవుతుంది, ఈ కోడెక్‌లు దాన్ని బాగా తగ్గిస్తాయి. టేపు గరగర వల్ల జత ఎంపిక తప్పుతుంటే నాయిస్ తగ్గించిన కాపీని ఎంపికకి చూపించి, అసలు కాపీ నుంచి ఫ్రేములు తీయించొచ్చు. టీఎఫ్‌ఎంలో అందుకు క్లిప్2 ఉంది. ఎంపికకి శుభ్రం చేసింది ముందు, ఫలితానికి అసలుది క్లిప్2లో.

బల్లార్‌పూర్, చంద్రపూర్ జిల్లా: మా తాతగారు 8 మిల్లీమీటర్ల కెమెరాతో తీసిన ఇంటి రీళ్లను ఎప్పుడో ఒక స్టూడియోలో పాల్ టేపుకి ఎక్కించారు. రీళ్లు పోయాయి, టేపే మిగిలింది. టీడెసిమేట్ పెడితే నడక మరీ గెంతుతోంది.

ఐదింటిలో ఒకటి తీసే లెక్క 24 ఫ్రేముల సినిమాకే. ఇంటి 8 మిల్లీమీటర్ల రీళ్లు మామూలుగా సెకనుకి 16 ఫ్రేములు, సూపర్ 8 అయితే 18. పాల్ టేపుకి ఎక్కించేటప్పుడు మిణుకు రాకుండా ప్రొజెక్టరును సెకనుకి 16.67 ఫ్రేముల, అంటే 50లో మూడో వంతు వేగంతో నడపడం వాడుక. అలా నడిపితే ప్రతి రీలు ఫ్రేమూ మూడు ఫీల్డులు ఉంటుంది. సెపరేట్‌ఫీల్డ్స్‌లో మూడు, మూడు, మూడుగా ఆగి కదులుతోందా చూడండి. అవునంటే మూడు వీడియో ఫ్రేముల్లో రెండే అసలువి. టీఎఫ్‌ఎం తర్వాత టీడెసిమేట్ సైకిల్‌ను 5 నుంచి 3కి మార్చండి, సెకనుకి 16.67 ఫ్రేములు వస్తాయి. అక్కడి నుంచి అజ్యూమ్‌ఎఫ్‌పీఎస్‌తో 16కి దించితే తాతగారు తీసిన నాటి వేగం. సూపర్ 8 అయితే 18కి పెంచండి. రీలులో శబ్దం లేదు కాబట్టి వేగం మార్చినా జారేదేమీ ఉండదు.

మూడేసి లెక్క కుదరక, ఒకసారి మూడు, ఒకసారి నాలుగుగా వస్తుంటే ప్రొజెక్టరు వేగం నిలకడగా లేదని అర్థం. అప్పుడు డెసిమేట్ మానేసి, జత కుదిర్చిన 25 ఫ్రేముల ఫైలునే ఉంచుకోండి. ఒక ఫ్రేము రెండుసార్లు కనబడటం కంటే, తాతగారు తీసిన ఒక ఫ్రేము పోవడం పెద్ద నష్టం.